దవడ కింది గీతలు

పొద్దున తొమ్మిదినుంచీ నిలబడే ఉంది యాదలక్ష్మి. మెదక్‌లో ఆ చిన్న డిగ్రీ కాలేజీకి జంతుశాస్త్రం చెప్పేది ఆమె ఒక్కతే. ఎల్లుండి ప్రాక్టికల్ పరీక్ష, పెంకుపురుగు పిల్ల నోటి భాగాల స్లైడులు ఇంకా తయారు కాలేదు. నడుము పట్టేసింది, కళ్లు మండుతున్నాయి. తనది పురుగు బతుకనుకుంది. పురుగుకైనా తినడానికి తీరిక ఉంటుందని మళ్లీ తనే దిద్దుకుంది.

బల్ల మీద రెండు సీసాలున్నాయి. ఒకదాంట్లో హవేలిఘనపూర్‌లో తమ ఇంటి పేడ పెంటకుప్పలోంచి తీసిన తెల్ల పురుగులు. రెండోదాంట్లో పోయినేడు తమ మక్కజొన్న చేనులో వేళ్లు కొరికి తిన్నవి. రెండూ ఒకటే కదా అని ఇన్నాళ్లూ పోల్చి చూడలేదు. ఇప్పుడు ఒక సీసా పురుగులు పరీక్ష రాసే పిల్లలకు సరిపోక రెండోదీ తెరిచింది. తలలు కోసి కాస్టిక్ నీళ్లలో కాచింది. కండ కరిగి ఎర్రటి పెంకు మిగిలింది. సూదితో ఒక్కొక్కటీ విడదీసింది: రేకులాంటి పై పెదవి, నల్లటి రెండు దవడలు, వాటి వెనక పళ్లున్న చిన్న దవడలు, కింది పెదవి.

పెంటకుప్ప పురుగు దవడను వెల్లకిలా తిప్పి మైక్రోస్కోపు కింద పెడితే దువ్వెన పళ్లలా సన్నటి గీతలు కనిపించాయి. చిన్న దవడ పళ్లు ఆ గీతలకు రాసుకుంటే కిర్రుమని మోత వస్తుంది. చేను పురుగు దవడ తిప్పి చూసింది. నున్నగా ఉంది. ఇంకో తల కోసింది. అదీ నున్ననే. మూడోదీ అంతే.

యాదలక్ష్మి స్టూలు మీద కూలబడింది. ఇవి వేరే జాతి. పెంటతో చేనులోకి వచ్చినవి కావు.

పోయినేడు ఒక ఆదివారం, పేపర్లు దిద్ది దిద్ది తల వేడెక్కిన వేళ, భర్త రత్నాకర్ చేనులోంచి ఒక పురుగు తెచ్చి ఇదెక్కడిదని అడిగాడు. "పెంటలదే, ఇంకెక్కడిది" అని తల ఎత్తకుండా అనేసింది. ఆ పెంట చేనుకు తోలించింది అత్త ఐలమ్మ. ముప్పై ఏళ్లుగా మిరుగు కార్తెకు ఆ చేనులో తొలి గింజ పడేది ఆమె చేతినుంచే. పంట పోయాక, కోడలి మాట చెవిన పడి, ముసలిదాని చెయ్యి పాడైందని కూలికొచ్చినవాళ్లంతా అన్నారు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు. జారింది కోడలి నోరు, దెబ్బ మాత్రం అత్త చేతికి తగిలింది. ఆ తర్వాత ఐలమ్మ తన చేత్తో మనవరాలు ఆశ్రితకు అన్నం కలిపి పెట్టడం కూడా మానేసింది. రేపే విత్తనం. తొలి గింజ వేయడానికి పక్క చేను భాగ్యను పిలిచారు.

ఇంటికి వెళ్లేసరికి ఐలమ్మ విత్తనాల సంచికి పసుపు రాస్తోంది. యాదలక్ష్మి చెప్పులైనా విప్పలేదు.

"అత్తమ్మా, చేను తిన్న పురుగు నీ పెంటల పుట్టింది గాదు. నేనే చూడకుంట చెప్పిన."

"చూడకుంట ఎట్ల చెప్పినవ్?"

"మస్తు అలిసి ఉంటి. తప్పయింది."

సిగ్గుతో యాదలక్ష్మి ప్రాణం చచ్చిపోయింది. ఐలమ్మ తన పసుపు చేతుల వంక చూసుకుంది.

"నేను సుత అలిసిన బిడ్డా. ఏడాది సంది నా చెయ్యి జూస్తె నాకే భయమైతుంది. ఇంట్ల జెప్తె ఏమొస్తది? నలుగురి ముంగట పాడన్నరు. నలుగురి ముంగటనే చెప్పు."

తెల్లారి చేనులో ఎనిమిది మంది కూలివాళ్లు, రత్నాకర్, భాగ్య, ఓ పక్కగా ఐలమ్మ. రోజూ అరవై మంది పిల్లల ముందు గంటలు గంటలు మాట్లాడే యాదలక్ష్మికి ఈ కొద్దిమంది ముందు తల ఎత్తడమే కష్టమైంది.

"తప్పు నాది. ఆ పురుగులు పెంటల నుంచి రాలే. అత్తమ్మ చెయ్యి మంచిదే."

భాగ్య విత్తనాల గంప తెచ్చి ఐలమ్మ ముందు పెట్టింది. ఐలమ్మ చెయ్యి చాచలేదు. కోడలి ముఖంలోకి చూసింది.

"ఈసారి చూసే చెప్తున్నవా?"

"మూడు తలకాయలు కోసి జూసిన అత్తమ్మా."

ఐలమ్మ కొంగుకు రెండుసార్లు చెయ్యి తుడుచుకుని గింజలు పిడికిట్లోకి తీసుకుంది.