సభ ముగియలేదు

మరిగే నీళ్ల గుండిగ పెద్దక్క కాలి మీద ఒలికిపోయినప్పుడు హాస్టల్ పిల్లలంతా పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. అందరూ చూశారు.

పెద్దక్క ఆ వంటశాలలో అందరికన్నా పాత మనిషి. గుండిగ చెవి ఊడిపోయింది, మార్చమని కాంట్రాక్టరుతో చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టింది. గుడ్డ చుట్టి పట్టుకోమన్నాడతను. ఆ గుడ్డే జారింది.

కేకలు విని వచ్చిన కాంట్రాక్టరు ముందు గుండిగ వంక చూశాడు. సొట్ట పడిందేమోనని తిప్పి మరీ చూశాడు. ఆ తరవాతే మనిషి వంక చూశాడు.

"కళ్లు నెత్తికెక్కాయా? చేతకానప్పుడు ఇంట్లో కూచోవాలి. రేపట్నించి రావద్దు!"

"కాలు బొబ్బలెక్కింది బాబూ, ఆస్పత్రికన్నా..." అంది పెద్దక్క.

"నేను కాల్చానా?"

కూరలు తరిగే చిన్నక్క, ఇంకో ఆవిడా కలిసి పెద్దక్కను చంకల కింద పట్టుకుని గేటు దాకా నడిపించారు. వరస ముందుకు కదిలింది. పళ్లాల్లో తిండి పడింది.

ఆ వరసలో ఒక పిల్ల ఉంది. తోటివాళ్లు ఆమెను గొణుగుడమ్మ అనేవాళ్లు. ఏం మాట్లాడినా పక్కవాళ్లకు కూడా వినపడదు. బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే తల్లి ఆమెను కాలేజీకి పంపుతూ ఒకే మాట చెప్పింది: "నోరు మూసుకుని చదువుకో తల్లీ, మనకెందుకొచ్చిన గొడవ." ఆ పూట కూడా ఆమె "అన్యాయమండీ" అంది. ఎవరికీ వినపడలేదు.

మర్నాడు సివిక్స్ క్లాసులో సభా నియమాల పాఠం. సగంమంది అప్పటికే ఆవలిస్తున్నారు. మేడమ్ పుస్తకం మూసేసి, బల్లలు చుట్టూ జరిపించి, ఒకణ్ణి అధ్యక్షుడిగా కూర్చోబెట్టింది.

"ఈ గది కిటికీలు తెరవాలని తీర్మానం. ఎవరు ప్రతిపాదిస్తారు? ఎవరు బలపరుస్తారు? బలపరిచే మనిషి లేకపోతే అది ఒంటరి మాట, గాలికి పోతుంది."

"అభ్యంతరం! దుమ్మొస్తుంది!" అని లేచాడు వెనకబెంచీ కుర్రాడు. ప్రతిదానికీ అడ్డు తగులుతాడని అతనికి అడ్డపుల్ల అని పేరు.

"నచ్చకపోవడం అభ్యంతరం కాదు నాయనా. నియమం తప్పితేనే అభ్యంతరం. నచ్చకపోతే చర్చలో చెప్పు, ఓటులో చూపించు."

క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వుల మధ్య గొణుగుడమ్మ ఏదో అడిగింది.

"గట్టిగా, అమ్మాయ్."

"అధ్యక్షుడే నియమం తప్పితే ఏం చెయ్యాలి మేడమ్?"

మేడమ్ సుద్దముక్క బల్ల మీద పెట్టింది.

"సభ ఒప్పుకోకుండా అధ్యక్షుడు సభను ముగించలేడు. కావాలంటే తను లేచిపోవచ్చు. అప్పుడు మిగిలినవాళ్లు ఇంకొకర్ని కూర్చోబెట్టుకుని సాగిస్తారు. కుర్చీ సభది. సభ కుర్చీది కాదు."

క్లాసు అయ్యాక మెట్ల దగ్గర వాదన లేచింది.

"ఇవన్నీ దొరలు తమలో తాము కొట్టుకోకుండా రాసుకున్న మర్యాదలు" అన్నాడు అడ్డపుల్ల. "కాంట్రాక్టరు చొక్కా పట్టుకుంటే అన్నీ అవే తేలతాయి."

"చొక్కా పట్టుకుంటే నిన్ను లోపలేస్తారు. పెద్దక్క బయటే ఉంటుంది" అంది గొణుగుడమ్మ. "విద్యార్థి సంఘం సభకి ప్రిన్సిపాలే అధ్యక్షుడు కదా. వాళ్ల నియమాలతోనే వాళ్లని నిలదీద్దాం. కాదని తోసేస్తే, ఆ నియమాలు ఎవరి కోసమో అందరికీ తెలుస్తుంది."

అడ్డపుల్ల ఆమెను ఎగాదిగా చూశాడు. "నీకు నోరుందని తెలీదే!"

తీర్మానం రాసుకుని, కొందరు కలిసి పెద్దక్క ఇంటికి వెళ్లారు. ఒకటే గది. మంచం మీద కాలు చాపుకుని ఉందామె. వంటశాల ఆడవాళ్లంతా పని దిగి అక్కడే కూర్చున్నారు. గొణుగుడమ్మ చదివింది. "గాయపడిన శ్రామికురాలికి ఈ సభ ప్రగాఢ సానుభూతి తెలుపుతూ..."

"ఆగు తల్లీ" అంది చిన్నక్క. "సానుభూతితో కట్టు కట్టుకోవాలా? మీరు సెలవులొస్తే ఇళ్లకి పోతారు. రేపు ఇంకో గుండిగ ఇంకో కాలి మీద పడుతుంది. అది మా ఒంటి మీదే."

"మరేం రాయమంటారు పిన్నీ?"

అందరూ ఒక్కసారే అందుకున్నారు. పెద్దక్కకి పని ఇవ్వాలంది ఒకావిడ. వైద్యం కాలేజీయే చేయించాలంది ఇంకొకావిడ. చెడిపోయిన సామానుతో పని చెయ్యం అని రాయమంది చిన్నక్క. "ఇమ్మని కాదు, చెయ్యం అని రాయి!" చివరికి పెద్దక్క, "నా పేరొక్కటే రాస్తే నన్నొక్కదాన్నే బుజ్జగించి పంపేస్తారే. అందరిదీ రాయండి" అంది.

సానుభూతి కొట్టేశారు. తీర్మానం పొట్టిదయింది, పదునెక్కింది.

ఏటా విద్యార్థి సంఘం సభంటే చప్పట్లు కొట్టి, ప్రిన్సిపాల్ ఉపన్యాసం విని, వెళ్లిపోవడమే. ఈసారి హాలు కిటకిటలాడింది. ఉపన్యాసం అవగానే గొణుగుడమ్మ లేచింది. ముందు బెంచీ పట్టుకుంది.

"అధ్యక్షా! ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను."

"కూచోమ్మా. అజెండాలో లేదు."

"ఇతర విషయాలు అనుంది సార్. ఇది ఇతర విషయం."

"బలపరుస్తున్నాను!" అని అడ్డపుల్ల అరిచాడు. వెంటనే హాలు నాలుగు మూలల నుంచీ అదే మాట లేచింది.

ఆమె చదవడం మొదలుపెట్టింది. కాంట్రాక్టరు పేరెత్తగానే ప్రిన్సిపాల్ ముఖం మాడిపోయింది. "ఇది కాలేజీ, సంత కాదు! సభ ముగిసింది!" అని లేచాడు.

"అభ్యంతరం! సభను అడక్కుండా ముగించడానికి మీకు హక్కు లేదు!" అని లేచాడు అడ్డపుల్ల.

ఆయన విననట్టే దిగిపోయాడు. మైకు ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. పిల్లలు ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. ఆ కాసేపట్లో ఎవరు తలుపు వైపు నడిచినా మిగతావాళ్లంతా వాళ్ల వెనకే పోయేవాళ్లు. గొణుగుడమ్మకు తల్లి మాట గుర్తుకొచ్చింది. గుండెల నిండా గాలి పీల్చింది.

"కుర్చీ ఖాళీ అయింది, సభ కాలేదు! అధ్యక్షుడిగా అడ్డపుల్లని ప్రతిపాదిస్తున్నాను!"

ఆఖరి బెంచీ దాకా వినపడింది. "బలపరుస్తున్నాం!" అన్న కేకలు, నవ్వు, చప్పట్లు, ఈలలు! జీవితమంతా అడ్డం తగిలినవాడు పోయి కుర్చీలో కూర్చున్నాడు. ముందుగా గుమ్మంలో నిలబడ్డ వంటశాల ఆడవాళ్లను మాట్లాడనివ్వాలా అని సభను అడిగాడు. చేతులు లేచాయి. చిన్నక్క లోపలికొచ్చి, ఆ పూట ఏం జరిగిందో అరమరికలు లేకుండా చెప్పింది. "మీరంతా అక్కడే ఉన్నారు" అని ఊరుకుంది. చాలామంది తలలు వంచుకున్నారు.

అప్పుడొచ్చారు పోలీసులు.

"లేవండి! ఇది అక్రమ సమావేశం!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఓటు పెట్టండి అధ్యక్షా!" అంది గొణుగుడమ్మ.

"అనుకూలురు చేతులెత్తండి" అన్నాడు అడ్డపుల్ల. లాఠీలు లేచాయి. చేతులూ లేచాయి. దెబ్బ తిన్న చెయ్యి దించి రెండో చెయ్యి ఎత్తినవాళ్లున్నారు. "తీర్మానం నెగ్గింది!" అంటుండగానే అతన్ని కాలర్ పట్టి కిందికి లాగారు. అతన్నీ గొణుగుడమ్మనీ వ్యానెక్కించారు.

స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ గొంతు మెత్తబడింది. "చదువుకునే పిల్లవి. తప్పయిందను, మీ అమ్మని పిలిపించి పంపించేస్తాను."

"నేనొక్కదాన్నే అనలేనండి. అది సభ చేసిన పని. సభనే అడగాలి."

"ఏ సభ? ఎక్కడుంది నీ సభ?"

బయట వీధిలోంచి గోల దగ్గరవుతోంది. ఇన్‌స్పెక్టర్ కిటికీ దగ్గరికి వెళ్లాడు. పొయ్యిలార్పేసిన వంటశాల ఆడవాళ్లు ముందు నడుస్తున్నారు. తోపుడు బండి మీద కట్టుకట్టిన కాలితో పెద్దక్క. వాళ్ల వెనక విద్యార్థులు, వాళ్ల మధ్య సివిక్స్ మేడమ్. ఆ వెనక కాలేజీ కొత్త భవనం కడుతున్న తాపీ పనివాళ్లు, కూలీలు, సిమెంటు కాళ్లతోనే. వాళ్లకీ అదే కాంట్రాక్టరు. అందరూ స్టేషన్ ముందు రోడ్డుకడ్డంగా కూర్చున్నారు.

"మీలో నాయకులెవరు? ఒక్కరు లోపలికి రండి!" అని కిటికీలోంచి కేకేశాడు ఇన్‌స్పెక్టర్.

ఎవరూ లేవలేదు.

"ఆ పిల్లలిద్దర్నీ వదిలేదాకా మేమిక్కణ్ణించి కదలం!" అంది పెద్దక్క బండి మీంచి. "ఇది నా తీర్మానం! ఎవరు బలపరుస్తారు?"

వీధి వీధంతా చేతులెత్తింది.