వెళ్ళకముందే రాసిన పేజీ

ధ్యానాలాయన రాసిన ప్రతి పేజీ నాకు కంఠతా వచ్చు. మా సంఘంలో ఈ మాట అనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నిద్రలో లేపి తేదీ చెప్పండి చాలు, పైన వాక్యం, నడుమ సంగతి, కింద ప్రార్థన వరసగా అప్పగిస్తాను. ఆయన పేజీల మహిమ అలాంటిది. ఓర్పు మీద ఆయన రాసింది ఒకావిడ పొయ్యి ముందు నిలబడి చదువుతుంటే, ఆవిడ ఆమెన్ అనేదాకా పాలు పొంగకుండా గిన్నె అంచున ఆగాయని చెప్పుకునేవారు. ఎవరు చెప్పుకునేవారంటారా? నేనే.

పగలు ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం. సాయంత్రం షట్టరు దించి ఇంటికొచ్చి, పాస్టరుగారు అచ్చువేయించే ధ్యానాల పుస్తకానికి పేజీలు రాసేవాడు. రోజుకొక పేజీ చొప్పున చదువుకునే పుస్తకం అది. పాస్టరుగారి షరతు ఒకటే: నడుమ రాసే సంగతి రాసినవాడి జీవితంలో జరిగిందై ఉండాలి. చిక్కేమిటంటే, అచ్చుకి ఆలస్యమవుతుందని అంతా ఒక కాలం ముందే రాసివ్వాలి. అందుకని మండుటెండల్లో, ఫ్యాను వేడిగాలి కొడుతుంటే, బనీను చెమటకి వీపుకి అంటుకుపోయి ఉండగా, ఆయన 'ఈ చలి ఉదయాన దుప్పటి ముసుగులోంచి ప్రభువును తలచుకున్నప్పుడు' అని రాసేవాడు. వాళ్ళావిడ తువ్వాలు తెచ్చి మెడ తుడిచి, దుప్పటి కూడా తెమ్మంటారా అని అడిగేది.

ఆయనకి ఒక్కడే తమ్ముడు. ఇళ్ళకి రంగులు వేసేవాడు. చేతిలో పని ఉంది, నోట్లో నవ్వు ఉంది, సాయంత్రమైతే చాలు సీసా ఉంది. తల్లి పోయిన రోజున సమాధుల తోటకి తూలుకుంటూ వచ్చాడు. సంఘమంతా చూస్తుండగా అన్న వాడి చొక్కా పట్టుకుని గేటు బయటికి నెట్టి గడియ పెట్టాడు. తమ్ముడు తిరగబడలేదు. ఊచలు పట్టుకుని, "అన్నయ్యా, ఒక్క గుప్పెడు మట్టి వేసి పోతాను" అన్నాడు. అన్న గడియ తియ్యలేదు.

అంతే, మళ్ళీ మాటల్లేవు. తర్వాత తమ్ముడు ఎవరూ చెప్పకుండానే తాగడం మానేశాడు. ఆ కబురు అన్న చెవిన పడింది, చెవి దాటి లోపలికి పోలేదు. ఆ ఏళ్ళన్నిట్లో ధ్యానాలాయన క్షమాపణ మీద రాసిన పేజీలకి అంతులేదు. ప్రతిదాంట్లోనూ తప్పు ఎదుటివాడిది, క్షమించడం ఈయనది.

అలా ఉండగా తమ్ముడు ఊపిరితిత్తులు చెడిపోయి మంచం పట్టాడని తెలిసింది. సరిగ్గా ఆ వారమే పాస్టరుగారు పంచిన వాక్యాల్లో, కానుక తెచ్చినవాడు దాన్ని బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్ళి సోదరుడితో సమాధానపడాలనే మాట ఈయన వంతుకి వచ్చింది. రెండు రోజులు కలం కదల్లేదు. మూడో రోజు కదిలితే ఆగలేదు. తమ్ముడి గదిలోకి వెళ్ళినట్టు, మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నట్టు, వంగలేని వాడి కాలిగోళ్ళు తన చేత్తో తీసినట్టు, "అన్నయ్యా, నీ కళ్ళజోడు నువ్వే మార్చుకో, వేలు కోసేస్తున్నావు" అని వాడు నవ్వినట్టు రాశాడు. రాస్తూ ఏడ్చాడు కూడా. రాసింది అలవాటు ప్రకారం భార్యకి చదివి వినిపించాడు.

"ఇదెప్పుడు జరిగింది?" అందావిడ.

"జరుగుతుంది. పుస్తకం వచ్చేది చలికాలంలో కదా. ఈలోపు వెళ్తాను."

"అయితే వెళ్ళొచ్చి రాయండి."

"పేజీ రేపివ్వాలి."

"పాస్టరుగారికి రేపు. మీ తమ్ముడికి చలికాలం. బాగుందండీ మీ పద్ధతి."

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. అబద్ధం రాయాలని ఆయన ఉద్దేశం కాదు. క్రీస్తులా బతకడానికి ముందు అలా రాసి పెట్టుకుంటే, రాసినదాని వెంట కాళ్ళు వాటంతట అవే నడుస్తాయని నిజంగానే నమ్మాడు.

కాళ్ళు నడవలేదు. ఒక ఆదివారం జేబులో గోళ్ళ కత్తెర వేసుకుని మాత్రం తమ్ముడి సందు దాకా వెళ్ళాడు. కిటికీలోంచి దగ్గు వినిపించింది. దగ్గుకీ దగ్గుకీ నడుమ వాడేదో చెప్పి ఎవరినో నవ్విస్తున్నాడు. తలుపు తట్టాక మొదట ఏమనాలి? ఎలాంటి దుఃఖానికైనా ప్రార్థన రాసివ్వగల మనిషికి ఆ ఒక్క మాట దొరకలేదు. వెనక్కొచ్చి, పడుకున్నాడు పాపం, లేపబుద్ధి కాలేదు అని భార్యతో చెప్పాడు. ఆవిడ అన్నం పెట్టింది.

పుస్తకం వచ్చింది. ఆ పేజీ చదివి జనం దుకాణానికొచ్చి మరీ ఆయన చేతులు పట్టుకున్నారు. మాటలు మానేసిన అన్నదమ్ములు ఫోన్లు చేసుకున్నారు. నేనూ వెళ్ళి, ఏడ్చానయ్యా అన్నాను. ఇక్కడొక మాట చెప్పాలి. అన్ని పేజీలూ కంఠతా వచ్చని మొదట్లో కోశాను చూశారూ, అదంతా గాలి కబురు. రెండో వాక్యం దాటితే నాకు కునుకు పట్టేసేది. మా ఆవిడ మోచేత్తో పొడిస్తే లేచి ఆమెన్ అనేవాణ్ణి, ఒక్కోసారి ప్రార్థన మొదలవకముందే. ఈ పేజీ ఒక్కటే చివరిదాకా చదివాను.

మెచ్చుకోళ్ళు పెరిగిన కొద్దీ ఆయనకి ఆ గుమ్మం ఎక్కడం మరింత కష్టమైంది. ఇప్పుడు వెళ్తే వాడు పేజీ సంగతి అడగడూ? ఇవాళ కాదు రేపు అనుకుంటూ ఉండగానే తమ్ముడు పోయాడు.

సమాధి దగ్గర అందరూ మట్టి వేస్తుంటే ధ్యానాలాయన గుప్పెడు తీసుకుని అలాగే నిలబడిపోయాడు. చెయ్యి విప్పబుద్ధి కాలేదు. మరదలు వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"మీరొచ్చి వెళ్ళారు బావగారూ, అది చాలు. మీ తమ్ముడు అదే చెప్పుకుని మురిసిపోయారు" అంది.

అక్కడ నిలబడే ఆవిడ జరిగింది చెప్పింది. పుస్తకం మంచం పక్కన కూర్చుని తనే చదివి వినిపించిందట. మధ్యలో ఆపి, బావగారు ఎప్పుడొచ్చారు, నాతో అననేలేదే అని అడిగిందట. తమ్ముడు గోడకేసి చూసి, "నువ్వు కూరలకెళ్ళినప్పుడు వచ్చాడు. గోళ్ళు తీశాడు. కళ్ళజోళ్ళు అమ్ముకునేవాడికే చూపానలేదు, చిటికెన వేలు కోసిపెట్టాడు" అన్నాడట. ఆ తర్వాత చూడవచ్చిన ప్రతివాళ్ళకీ అదే కబురు. ఒకరితో అన్నయ్య మంచినీళ్ళు పట్టాడన్నాడు. ఇంకొకరితో చిన్నపిల్లాడిలా ఏడ్చాడన్నాడు. గోడకి రంగు మీద రంగు వేసినట్టు, అన్న రాసిన అబద్ధానికి ఎక్కడా మచ్చ కనబడకుండా పూత మీద పూత వేసుకుంటూ పోయాడు.

ధ్యానాలాయన తల ఊపాడు. రాసిన అబద్ధం ఒకటైతే, ఊపిన తల రెండోది.

ఆ తర్వాత ఆయన కలం పట్టలేదు. కాగితం ముందు కూర్చుంటే గేటు ఊచలు పట్టుకున్న చేతులు కనిపించేవి. తను అందరి ముందూ వాడి పరువు తీశాడు. వాడు అందరి ముందూ తన పరువు కాపాడాడు. ఇద్దరిలో పేజీ రాసింది తను, అలా బతికింది వాడు. చివరికి ఒక మధ్యాహ్నం, నిజం చెప్పేస్తే తప్ప ఊపిరాడదని మరదలి ఇంటికి బయల్దేరాడు. ఈసారి తలుపు తట్టాడు.

గదిలో మంచం ఎత్తి గోడకి నిలబెట్టి ఉంది. డబ్బాలో రంగు కుంచెలు గట్టిపడి ఉన్నాయి. ఆయన కూర్చోలేదు.

"నేను రాలేదమ్మా" అన్నాడు. "ఒక్కసారి కూడా రాలేదు. వస్తానని రాశాను, అంతే."

ఆవిడ కుంచెల డబ్బా పక్కకి జరిపింది.

"తెలుసు" అంది. "ఆ పేజీ చదివిన రోజు నుంచీ చలి పోయి ఉక్కపోత మొదలైనా పాదాల మీద దుప్పటి తియ్యనిచ్చేవారు కాదు. ఆఖరి స్నానం చేయించినప్పుడు చూశాను, గోళ్ళు ఎంతెంత ఉన్నాయో."

"మరి ఆవేళ సమాధి దగ్గర..."

"ఆయన అంత ముచ్చటపడి చెప్పారు కదా, నమ్ముదామనుకున్నాను. రోజూ కొంచెం కొంచెం నమ్ముతూ వస్తున్నాను. మీరు మనసు తేలిక చేసుకోడానికి వచ్చి అదీ తీసుకుపోతున్నారు బావగారూ."

క్షమించమని అడుగుదామంటే, ఆయన ఆ మాట ఇదివరకు ఎన్నో పేజీల్లో వాడేసి ఉన్నాడు. ఆవిడ లోపలికి వెళ్ళి గ్లాసుతో టీ తెచ్చి చేతికిచ్చింది. నిలబడే తాగాడు.

"ఒక్క మాట" అంది గ్లాసు అందుకుంటూ. "ఇంక మమ్మల్ని రాయకండి."

ఆయన రాయలేదు. వాళ్ళనీ రాయలేదు, ఎవర్నీ రాయలేదు. దుకాణం మాత్రం తీస్తున్నాడు.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది. ఆ టీ. ఆయన నాతో చెప్పినప్పుడు టీ ఊసే లేదు. ఆవిడ ఆ 'రాయకండి' మాట అని లోపలికి వెళ్ళిపోయిందట, మళ్ళీ బయటికి రాలేదట. ఈయన కాసేపు చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చేశాడట. ఆ గుమ్మంలోంచి మనిషిని అలా పంపడానికి నాకే మనసొప్పక గ్లాసు చేతిలో పెట్టాను.