బీట్‌రూట్ మీద నెపం

తెర మీద ఒక చిన్న బెలూన్ బొమ్మ. గట్టిగా ఊదితే పైకి ఎగిరిపోతుంది, నెమ్మదిగా ఊదితే కిందికి జారిపోతుంది. రెండు గీతల మధ్య దాన్ని పది సెకన్లు నిలబెట్టాలి. స్కీలతో కొండలెక్కే పదిహేడేళ్ళ తూవాకు అదేమంత పని? నిలబెట్టింది. గొట్టం నోట్లోంచి తీసి నర్సు గేర్డ్ ముఖంలోకి చూసింది.

"డెబ్బై ఒకటి," అంది గేర్డ్. "యాభై దాటితేనే ఊపిరిగొట్టాల్లో వాపు ఉండొచ్చంటాం. వాపున్న చోట ఒక రకం వాయువు ఎక్కువ పుడుతుంది. నువ్వు వదిలిన గాలిలో ఈ మిషను కొలిచింది దాన్నే."

తూవాకు ఏడుపు రాలేదు సరికదా, ప్రాణం లేచొచ్చింది. ఆకులు రాలే కాలం నుంచీ రాత్రిళ్ళు ఒకటే దగ్గు. కిందటి పోటీలో చివరి ఎత్తు మీద గాలందక మంచులో కూలబడిపోయింది. "మనసు గట్టిగా లేదు, అంతే" అని తేల్చేశాడు వాళ్ళ నాన్న హాల్వార్. అది మనసు కాదని ఇప్పుడు ఒక అంకె చెబుతోంది.

మూలన కుర్చీలో హాల్వార్ నవ్వాడు. దేశ సరిహద్దును ఆనుకున్న యామ్ట్‌లాండ్ కొండల్లోని ఆ ఊరి స్కీ క్లబ్బుకు ఆయనే కోచ్, ఆయనే పెత్తందారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

"ఏమ్మా గేర్డ్, పొద్దున్నే ఇది ఏం తాగొచ్చిందో అడిగావా? తూవా, నాలుక చూపించు."

నాలుక ఎర్రగా ఉంది. బీట్‌రూట్ రసం. ఆ క్లబ్బులో పిల్లలకు అది తీర్థం. కాళ్ళకు సత్తువ వస్తుందని గ్లాసెడు పట్టించందే హాల్వార్ ఎవర్నీ మంచులోకి దిగనివ్వడు. ఆస్పత్రికి వచ్చే పొద్దు కూడా ఆయనే స్వయంగా పోసి ఇచ్చాడు.

గేర్డ్ నాలుక కరుచుకుంది. "అయ్యో, ముందే అడగాల్సింది. బీట్‌రూటూ పాలకూరా కడుపులో పడితే ఈ అంకె పెరుగుతుంది. దీన్ని నమ్మలేం."

"చూశావా! జబ్బూ లేదు, గిబ్బూ లేదు. దుంప రసం!"

"అయితే అది మానేసి మళ్ళీ ఊదుతా," అంది తూవా.

"పోటీలు నెత్తిమీద పెట్టుకుని మానేస్తావా?"

"మానేస్తా."

మానేసింది. మర్నాడు పొద్దున మిగతా పిల్లలంతా గ్లాసులెత్తుతుంటే తన గ్లాసు బోర్లించి కూర్చుంది. "ఏంటే, మీ నాన్న మీద అలిగావా?" అని వేళాకోళమాడారు. వారం తిరిగేసరికి నాలుక మామూలు రంగుకు వచ్చింది, దగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు. గేర్డ్ దగ్గర మళ్ళీ గొట్టం పట్టుకుంది, మళ్ళీ బెలూన్‌ను నిలబెట్టింది.

అరవై ఆరు.

ఈసారి నెపం వేయడానికి దుంప లేదు. హాల్వార్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు. డాక్టరు ఆస్తమా అని రాసి ఇన్‌హేలర్ ఇచ్చాడు. గేర్డ్ వాడే పద్ధతి చెప్పింది. "పొద్దునా రాత్రీ పీల్చు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మెయ్యి. గుణం కనబడటానికి కొన్ని వారాలు పడుతుంది, ఓపిక పట్టు. పోటీల నిబంధనలకు ఇది అడ్డం కాదులే, కనుక్కున్నాను."

నిబంధనలకు అడ్డం కాకపోవచ్చు. హాల్వార్ పరువుకు అడ్డం. ఏటా క్లబ్బు విందులో కాఫీ కప్పు పట్టుకుని లేచి ఆయన చెప్పే మాట ఒకటుంది: "సరిహద్దు అవతలి వాళ్ళు డబ్బాలు పీల్చి గెలుస్తారు. మనం ఓట్స్ జావ తాగి గెలుస్తాం." హాలంతా చప్పట్లు. ఆ చప్పట్లు కొట్టి పెరిగిన పిల్లే తూవా. ఇప్పుడు ఆ డబ్బా ఆయన కూతురి చేతిలోనే ఉంది!

కారెక్కాక అన్నాడు. "ఇది పారేసి రిలే పోటీలో చివరి వంతు పరిగెత్తుతావో, ఇది పట్టుకుని ఇంట్లో కూర్చుంటావో తేల్చుకో."

"రెండూ కావాలి. మందూ కావాలి, చివరి వంతూ కావాలి."

"కుదరదు. ఊరు నవ్వుతుంది."

"నేను మంచులో పడి గిలగిల్లాడినప్పుడు నవ్విందా ఊరు?"

"నేను ముప్పై ఏళ్ళు దగ్గుతూనే పరిగెత్తానే! చలిలో తిరిగేవాడికి దగ్గు రాదా? అది స్కీ దగ్గు."

"క్లబ్బు నీది నాన్నా. ఊపిరి నాది."

హాల్వార్ కారు స్టార్ట్ చేశాడు. మర్నాడు చివరి వంతు ఎంబ్లాకు ఇస్తున్నట్టు గోడకు కాగితం అంటించాడు. ఎంబ్లా మంచి పిల్ల, గట్టి పిల్ల, హాల్వార్ మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని పిల్ల. తూవా ఆ కాగితం చదివి, ఇంటికెళ్ళి మందు పీల్చింది. కోపంతోనే అయినా ఒక్క పూట కూడా తప్పలేదు. నాలుగో వారానికి రాత్రంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

రిలేకు ముందు శనివారం క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరి వంతు ఎవరిదైనా సరే, కావాలన్నవాళ్ళు ఆ రోజు వాళ్ళతో పోటీగా కొండెక్కి దాన్ని గెలుచుకోవచ్చు. స్కీలకు మైనం పూసే గదిలోకి తూవా తన స్కీలు పట్టుకుని వచ్చింది. అందరూ బల్లల దగ్గర మైనం రుద్దుతున్నారు.

"చివరి వంతుకు నేనూ ఎక్కుతా," అంది.

"డబ్బా పీల్చేవాళ్ళకు నా కొండ మీద చోటు లేదు," అన్నాడు హాల్వార్, కొండ వైపు తలుపుకు అడ్డంగా నిలబడి.

తూవా ముఖం జేవురించింది. జేబులోంచి ఇన్‌హేలర్ తీసింది. పొద్దుటి మోతాదు కావాలనే మిగుల్చుకుని వచ్చింది. అందరి ఎదుటా నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి, నీళ్ళు పుక్కిలించి, హాల్వార్ బూట్ల పక్కనున్న బక్కెట్లో ఉమ్మింది.

"పీల్చాను. ఏ నిబంధన తప్పానో చెప్పు. చెప్పలేకపోతే దారి వదులు."

"తూవా, నోరు మూసుకుని ఇంటికి పో!"

"తనెందుకు పోవాలి?"

ఆ గొంతు ఎంబ్లాది. పిల్ల పాలిపోయి ఉంది, మాట మాత్రం ఆగలేదు. "రెండేళ్ళుగా నేనూ పీలుస్తున్నానండీ. మరుగుదొడ్లో, కుళాయి తిప్పుకుని, చప్పుడు వినబడకుండా. మీ ముందేమో అవతలి వాళ్ళను చూసి నవ్వేదాన్ని. సిగ్గుతో చచ్చిపోతున్నా. తను ఎక్కకపోతే నేనూ ఎక్కను. మీ వంతు మీరే పరిగెత్తండి."

హాల్వార్ ఏదో అనబోయాడు, దగ్గు అందుకుంది. అది తగ్గేదాకా ఎవరూ కదల్లేదు. తగ్గాక ఆయన తలుపు దగ్గర్నుంచి పక్కకు జరిగాడు.

ఆడపిల్లలిద్దరూ కొండెక్కారు. సగం దాకా భుజం భుజం రాసుకుంటూ ఎక్కారు. కిందటిసారి కూలబడ్డంత ఎత్తుకు వచ్చేసరికి తూవా గుండె ఝల్లుమంది, కానీ ఛాతీ మూసుకుపోలేదు. గాలి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. ఇన్నాళ్ళూ నెపం మనసు మీదికి నెట్టారని ఒళ్ళు మండిపోయి కర్రలు మరింత గట్టిగా గుచ్చింది. అయినా ఎంబ్లాయే ముందు చేరింది, ఒక్క స్కీ పొడవు ముందు. చివరి వంతు ఎంబ్లాదే.

తూవా ఏడవలేదు. నిలబడే ఉంది, కూలబడలేదు. "వచ్చే ఏడు చూస్కో!" అని ఎంబ్లా వీపు మీద ఒక్కటిచ్చింది.

అప్పుడు కనబడ్డాడు హాల్వార్. వాళ్ళ వెనకే నడిచి ఎక్కుతూ సగంలో ఆగిపోయాడు. మోకాళ్ళ మీద చేతులానించి, వంగి, గాలి కోసం నోరు తెరుస్తున్నాడు. ఆయనకు చూడాలనుంది, పైకి రాలేకపోతున్నాడు. తూవాకు జాలేసింది. అంతకు మించి కోపం వచ్చింది.

"నాన్నా!" కొండంతా వినబడేలా అరిచింది. "సోమవారం గేర్డ్ దగ్గరికి వెళ్తున్నాం. ఊదేది నువ్వు."

ఆయన చెయ్యి విదిలించాడు. "నాకేం రోగం? దిగండి, చలి ముదురుతోంది!"

"ఊదుతానను, దిగుతా."

"మొండిముండా, గడ్డకట్టి చస్తావు!"

"నీ కూతుర్నే కదా!"

కింద పిల్లలంతా గుమిగూడి చూస్తున్నారు. చీకటి పడబోతోంది. ఎంబ్లా కూడా స్కీలు విప్పేసి తూవా పక్కన మంచులో పాతేసినట్టు నిలబడింది. హాల్వార్ మళ్ళీ అరవబోయాడు, ఊపిరి చాలలేదు. రెండోసారి ప్రయత్నించాడు. చివరికి తలూపాడు.

"తలూపితే కుదరదు," అంది తూవా. "గట్టిగా చెప్పు. అందరికీ వినబడాలి."