డెబ్బై ఒకటో నిమిషం

పెన్ను మూతను పళ్ల మధ్య బిగించి, అట్టలాయన పదకొండో పెట్టెను ముందుకు లాక్కున్నాడు. పాత చెప్పుల పెట్టెలవి, గోడవారగా నలభై రెండున్నాయి. ఒక్కో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఒక్కో అట్టముక్క. దానిమీద తేదీ, జట్లు, గోల్ ఎవరు కొట్టారు, ఏ నిమిషంలో. నలభై నాలుగేళ్లు విలేకరిగా పనిచేసి ఆయన కూడబెట్టిన ఆస్తి ఇదే. పేపరాఫీసులో ఆయన్ని అట్టలాయన అనేవారు, ఎదురుగానే.

రాసి రాసి మెడ ముందుకు వంగిపోయింది. మధ్యవేలు కాయకాచింది. గుండెకి మంచిది కాదు, మెట్లెక్కవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఆఫీసేమో మూడో అంతస్తులో ఉంది.

"టీ చల్లారిపోయింది, మళ్లీ వేడిచెయ్యను," అంది భార్య. "ఆ అట్ట మొన్నటినుంచీ బల్లమీదే ఉంది. ఏం చేస్తారు దాన్ని?"

"ఇవాళ దిద్దుతాను."

"ఇరవయ్యేళ్లుగా వింటున్నా ఈ మాట!"

అది ఒక ఫైనల్ మ్యాచ్ అట్ట. పడింది ఒకే గోల్, డెబ్బై ఒకటో నిమిషంలో. అప్పటికి ఆయన ఉద్యోగంలో చేరి ఏడాది. ఆ రోజు ఒకటే వాన. పెన్ను మూత జారి బెంచీ కిందికి దొర్లింది. వంగి వెతుక్కుంటుండగా స్టేడియం హోరెత్తిపోయింది. లేచి చూస్తే ఏముంది, బురదలో ఆటగాళ్లందరూ ఒకరిమీద ఒకరు పడి ఉన్నారు. "ఎవరు కొట్టారు?" అని పక్క పేపరతన్ని అడిగాడు. అతనప్పుడు గొడుగు సర్దుకుంటున్నాడట, అతనూ చూడలేదు. విలేకరుల వరసలో ఒక ఆనవాయితీ ఉండేది. ఎవరూ చూడకపోతే నలుగురూ కూడబలుక్కుని ఒకే పేరు రాసేవారు, మర్నాడు ఒకరి పేపరు ఇంకొకరి పరువు తియ్యకుండా. గెలిచిన జట్టు కెప్టెన్ పేరు రాశారు. ఎప్పుడూ గోల్ కొట్టేది అతనే కదా! రిఫరీ కాగితంలో ఎన్ని గోల్సో ఉంటుంది గాని ఎవరివో ఉండదు. కెప్టెనూ కాదనలేదు. వచ్చిన పేరు ఎవరికి చేదు?

మర్నాడు అదే జట్టులో ఎడంపక్క వెనక కాపుండే లెఫ్ట్ బ్యాక్ ఆఫీసుకొచ్చాడు. మోచేతిమీద గాయం ఇంకా పచ్చిగానే ఉంది. "ఆ గోల్ నాదండీ. ఆటలో చేరాక కొట్టింది అదొక్కటే," అన్నాడు.

"చూసిందే రాస్తామయ్యా, వెళ్లు," అన్నాడు అట్టలాయన. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ రోజునుంచీ మూత పళ్లమధ్య పెట్టుకునే రాస్తున్నాడు.

తర్వాత ఆటగాళ్లని వాకబు చేస్తే, అతని మాటే నిజమని తేలింది. కొన్నేళ్లకి తనే ఫుట్‌బాల్ చరిత్ర పుస్తకం రాశాడు. అందులోనూ కెప్టెన్ పేరే. మిగతావాళ్లు అందులోంచి దించుకున్నారు. ఇప్పుడు దిద్దితే, తక్కిన పదకొండు వేల అట్టల్ని ఎవడు నమ్ముతాడు? ఆ భయమే ఇన్నేళ్లూ నోరు నొక్కేసింది. కానీ ఆయన వారం వారం రాసే కాలమ్‌కి ఇవాళే ఆఖరు. పేజీలు తగ్గించారట. ఇవాళ రాయకపోతే ఇక ఎప్పటికీ అచ్చుకాదు.

మధ్యలో రెండుసార్లు ఆగి మూడంతస్తులూ ఎక్కాడు. డెస్క్ ఇన్‌ఛార్జి కాగితం చదివి తలెత్తాడు.

"ఇదేంటండీ గురువుగారూ? వెళ్తూ వెళ్తూ ఎవరైనా పరువు తీసుకుంటారా? హాయిగా జ్ఞాపకాలేవో రాసుకోక!"

"నా పరువు సంగతి సరే. నలభై మూడేళ్లుగా అతని పరువు పోయింది కదయ్యా. వేస్తావా, వెయ్యవా?"

ఇన్‌ఛార్జి కుర్చీ ముందుకు జరిపి, "వేస్తాను. ముందు కూర్చోండి, మంచినీళ్లు తాగండి," అన్నాడు.

ఇంటికొచ్చాక అట్ట తిప్పాడు. వెనకాల లెఫ్ట్ బ్యాక్ ఫోన్ నంబరుంది. సంపాదించి ఆరేళ్లయింది గాని ఒక్కసారీ చెయ్యలేదు. ఇవాళ చేశాడు.

"నేను పేపరాయన్నండీ. ఫైనల్లో ఆ గోల్ మీదే. రేపు అచ్చులో వస్తుంది. తప్పు నాది."

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"మా ఆవిడ పోయి రెండేళ్లయిందండీ," అన్నాడు లెఫ్ట్ బ్యాక్. "అప్పుడు మాకు పెళ్లయిన కొత్త. గోల్ కొట్టానని చెబితే, పేపరు చూసి, నా దగ్గరా ఈ కోతలు అని నవ్వింది. పోయేదాకా మా ఇంట్లో అదో హాస్యం. నేనూ నవ్వేసేవాణ్ణి."

అట్టలాయనకి క్షమించమనడానికి కూడా మొహం చెల్లలేదు.

"రేపొస్తాను. ఆ అట్ట ఓసారి చూపిస్తారా?"

"రండి," అన్నాడు ఎలాగో.

ఫోన్ పెట్టేసి కెప్టెన్ పేరు కొట్టేశాడు. పైన లెఫ్ట్ బ్యాక్ పేరు నింపాదిగా రాశాడు. కాసేపు నడుం వాలుస్తానని భార్యతో చెప్పి పక్కగదిలోకి వెళ్లాడు. సాయంత్రం టీకి లేపితే లేవలేదు.

పొద్దున్నే పేపరు చంకలో పెట్టుకుని వచ్చిన ముసలాయన, గుమ్మం ముందు జనాన్ని చూసి అక్కడే ఆగిపోయాడు. సంగతి అర్థమైంది. వెనక్కి తిరగబోతుంటే, "ఎవరు బాబూ మీరు?" అని అట్టలాయన భార్య అడిగింది.

ఆయన చంకలో పేపరు సర్దుకున్నాడు. నమ్మించడం ఎప్పుడో మానేసిన మనిషి. "ఆ ఫైనల్లో గోల్... నేనేనమ్మా కొట్టింది."

"తెలుసు. మీకోసమే దిద్దిపెట్టి వెళ్లారు," అని ఆవిడ ఆయన్ని బల్ల దగ్గరికి తీసుకెళ్లింది.

అట్టమీద సిరా ఎప్పుడో ఆరిపోయింది. పక్కనే పెన్ను తెరిచే ఉంది. ఇన్నేళ్లూ పళ్లమధ్యనుంచి జారనివ్వని దాని మూత, ఒళ్లంతా పంటిగాట్లతో, బల్ల అంచున పడి ఉంది.