రహీమా పుట్టింటి ఖమీరు

రహీమా కుప్పం నుంచి పుంగనూరుకు కోడలై వచ్చినప్పుడు తెచ్చుకున్న వాటిలో విలువైనది నగా కాదు, చీరా కాదు, ఒక జాడీ. దాన్నిండా ఖమీరు. రొట్టె పిండిని పొంగించే పులిసిన ముద్ద అది. రోజూ కొంత తీసి పిండిలో కలపాలి, మిగిలినదానికి గుప్పెడు మైదా, కాసిన్ని నీళ్లు పెట్టాలి. వారం పది రోజులు మరిచిపోతే చస్తుంది. రొట్టెలు కాల్చే ఇళ్లలో అత్తారింటికి వెళ్లే కూతురి చేతికి దాన్నిచ్చి పంపడం ఆనవాయితీ. ఇచ్చిన తల్లి పోయి ఆరేళ్లయింది. ఆమె చేయి తగిలినది రహీమా దగ్గర ఇంకేదీ మిగల్లేదు. జాడీ మూత తీస్తే మాత్రం ఇప్పటికీ అమ్మ వంటిల్లే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రెండేళ్లకు, చలికాలంలో రహీమాకు కాలి పుండు ముదిరి, ఒళ్లు తెలియని జ్వరం వచ్చింది. మొగుడు సుభాన్ రొట్టెల భట్టీ మూసేసి ఆమెను మదనపల్లె ఆసుపత్రిలో చేర్చాడు. మూడు గంటలకొక సూది. అయిదో రోజుకు ఆమె కళ్లు తెరిచింది. అప్పుడు డాక్టరు తీరిగ్గా చెప్పాడు. "కంటికి కనపడని పురుగులు పుండులో చేరి ఈ జ్వరం తెచ్చినాయి."

సుభాన్ అంతవరకే విన్నాడు. లేచాడు, ఇల్లు శుభ్రం చేయాలంటూ పుంగనూరు బస్సెక్కాడు. ఆత్రం పుట్టాక సుభాన్ పుట్టాడని వాళ్లమ్మ ఊరికే అనలేదు. డాక్టరు చెప్పిన రెండో మాట రహీమా ఒక్కతే విన్నది. ఆమెను బతికించిన పెన్సిలిన్‌ను చేసింది కూడా అట్లాంటి జీవే, ఒక రకం బూజు. అన్నీ చెడ్డవి కావు. ఆ మాటకు ఆమె తన జాడీని తలుచుకుని నవ్వుకుంది.

వారం తర్వాత ఇల్లు చేరింది. గోడలకు సున్నం, గిన్నెలకు తళతళ. జాడీ బోర్లించి ఉంది.

"అన్నీ ఉడుకునీళ్లతో కడిగినా," అన్నాడు సుభాన్. "ఖమీరులో బుడగలు నేను పుట్టినప్పటినించీ సూస్తాండేటివే. ఆపొద్దు సూస్తే పురుగులు కదలతాండట్లు భయమేసింది. నువ్వు మళ్లీ పడకెక్కకూడదని పారబోసినా. ఖమీరు యాడైనా దొరకతాదిలే."

బస్సుల్లో తిరిగి తిరిగి సగమైపోయిన మనిషిని రహీమా ఏమని తిడుతుంది? ఖాళీ జాడీ తీసుకుని పెరట్లోకి పోయి, గోడ పక్కన కూర్చుని ఏడ్చింది.

గోడవతల పొరుగింటి చెంగమ్మ తల పైకి లేచింది. "యాల ఏడస్తాండావమ్మా, బాగై వచ్చినాక?"

"మా అమ్మ ఖమీరు పోయిందక్కా."

చెంగమ్మ వెనక్కి తిరిగి అత్త కనుచూపులో లేదని చూసుకుంది. లోపలికి వెళ్లి ఒక గిన్నెతో వచ్చింది.

"మూడేండ్ల కిందట సలికి దోసెల పిండి పులవకుంటే, ఈ గోడమీదే గోరంత ముద్ద ఇచ్చినావు. ఆపొద్దునించి ఆ పిండి కుండ అడుగు కడగలేదు. దినమూ పిడికెడు మిగిల్చి, దాంట్లోనే కొత్త పిండి కలపతాండా. మా అత్త అది నా చేతి మహిమ అంటాది. మీ ఇంటిదని తెలిస్తే కుండతోపాటు నన్నూ బయటికి ఇసిరేస్తాది."

రహీమా గిన్నెలోని పిండి వాసన చూసింది. బియ్యం, మినుములు, మెంతులు. ఏమో, అందులో అమ్మ ఉందో లేదో తెలియలేదు. జాడీలో పోసి మైదా పెట్టింది. ఒక రోజు గడిచింది, కదలిక లేదు. రెండో రోజూ అంతే. ఆమెకు అన్నం సహించలేదు. మూడో పొద్దున ముద్ద పొంగి మూతను లేపింది.

సుభాన్ బుడగల్ని చూసి వెనక్కి జరిగాడు.

"అన్నీ చెడ్డవి కావంట. డాక్టరు సెప్పే లోపలే నువ్వు బస్సెక్కి పోతివి," అంది రహీమా.

ఆ వేళ కాల్చిన మొదటి రొట్టె వేడిగా గోడమీద పెట్టింది. చెంగమ్మ ఏనాడూ తమ ఇంటి మెతుకు ముట్టలేదని రహీమాకు తెలుసు. తీసుకోకపోయినా ఫరవాలేదనుకుంది.

చెంగమ్మ ఈసారి వెనక్కి తిరిగి చూడలేదు. తుంచి నోట్లో పెట్టుకుంది.

"మూడేండ్లుగా మీయమ్మ చేతి కూడే తింటాండాం," అంది. "ఇప్పుడు కొత్తేముందమ్మా."

రహీమా గోడ పట్టుకుని కరువుదీరా ఏడ్చింది. యాల అని చెంగమ్మ అడగలేదు.