మగ్గం గుంత

శివలీల నేతకు నూలు కండెలు చుడుతుండగా మొగుడు గోపీ వచ్చి, ఈ పూట కూరేమిటని అడిగినంత తేలిగ్గా, "నీ మగ్గం గుంత నాకు కావాల, పడుగు కోసెయ్," అన్నాడు.

గోపీ కోడుమూరులో మెకానిక్కు. నేతింట్లో పుట్టినా ఒక్కనాడూ మగ్గంలో కూర్చోని ఘనుడు. మంగంపేట ముగ్గురాయి గనుల ఆసామి ఒకాయన తన పాత విదేశీ కారుకి పెద్ద ఇంజన్ పెట్టించుకున్నాడు. గేర్లు వాటంతటవే పడే దాని గేరుపెట్టె మాత్రం పాతదే, ఆ బలానికి ఆగడం లేదు. దాన్ని గట్టిచేసే పని గోపీ ఒప్పుకున్నాడు. కారు కిందికి దిగాలంటే గుంత ఉండాలి. షాపు ముందర తవ్వుకోవచ్చు గదా అంటారా, అక్కడంతా రాతినేల, చేతులు బొబ్బలెక్కుతాయి. కొట్టంలో పెళ్లాం కాళ్లు పెట్టుకుని నేసే గుంత తయారుగా ఉంది. కాస్త వెడల్పు చేస్తే సరిపోతుంది.

అన్నం తింటూ విడమరిచాడు. "ఓవర్‌డ్రైవ్ అంటే పైగేరు. పెద్ద రోడ్డుమీద ఇంజన్ అలిసిపోకుండా ఉండేదానికి. ఇప్పుడు ఆ గేరు పడతానే జారతాండాది, లోపలి క్లచ్ ప్లేట్లు మాడతాండాయి. ఇంకా కొన్ని ప్లేట్లు ఎక్కించాల, నూనె చల్లబడేదానికి వేరే రేడియేటర్ పెట్టాల. ఊరికే బరువేస్తే అదెట్ల ఓర్చుకుంటాది?"

శివలీల మజ్జిగ పోస్తూ వింది. ఇనుప పెట్టె ఓర్పు గురించి ఇంత ఆలోచించే మనిషి, తెల్లారకముందే లేచి నీళ్లు మోసి, వండి, పిల్లల్ని బడికి పంపి, నడుము పట్టేసేదాకా నేసే మనిషి గురించి ఒక్కపూటైనా ఆలోచించాడా? ఆమెకు ఒళ్లు మండింది. కోసిన పడుగు దారాలను మళ్లీ పోగుపోగునా అతకడానికి కళ్లు పోతాయి. అది సరే. ఇల్లంతటిలో ఆమె కూర్చునే చోటు ఆ గుంతొక్కటే. అక్కడుంటే నీళ్లు తెమ్మని అరిచేవాళ్లు కూడా ఒక్క క్షణం ఆగి అరుస్తారు.

"చీర సగంలో ఉండాది," అంది.

"మళ్లా అతుక్కుంటే పాయె. ఇంట్లో ఊరికే ఉంటావు గదా. ఒక్క వారమేలే."

"మొగోడు అడిగినాంక లేదంటే బాగుండదు," అంది అత్త గురమ్మ, పళ్లెం మీంచి తలెత్తకుండా.

పొద్దున్నే షాపు కుర్రాళ్లు కొట్టం తడిక విప్పి కారును వెనక్కి తోసుకొచ్చారు. గోపీ బ్లేడు పట్టుకుని లోపలికొచ్చేసరికి శివలీల గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది.

"లెయ్యే, కారొచ్చింది."

"రానీ. నేను లెయ్యను."

గోపీ నవ్వాడు. తర్వాత గొంతు పెంచాడు. ఆమె తలెత్తలేదు, కాళ్ల కింది ఆకుచెక్కలు తొక్కడం ఆపలేదు. ఇక లాభం లేదని తల్లివైపు చూశాడు, నువ్వైనా చెప్పమ్మా అన్నట్టు.

గురమ్మ లేచి, మూలనున్న గడ్డపార ఈడ్చుకొచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"పోయి షాపు ముందర తవ్వుకోప్పా. నాలుగు దినాలేలే అని మీ నాయన నా మగ్గం గుంత పూడ్చి ఆడ పాడి ఎనుమును కట్టేసినాడు. ఆ పొద్దు లేసినదాన్ని, ఈ పొద్దుకూ కూర్చోలేదు."