నాగక్క సాక్ష్యం

పగిడయ్యకు పక్షవాతం వచ్చిందన్న సంగతి నాగక్కకు బోరింగు దగ్గర తెలిసింది. పత్తి కట్టె పీకుతూ చేనులోనే కూలబడ్డాడని, కొడుకు పవన్ వైరా నుంచి వచ్చి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాడని ఆడవాళ్లు చెప్పుకుంటున్నారు. బిందె నిండేదాకా ఆమె నిలబడి విన్నది. తర్వాత బిందె ఎత్తుకుని ఇంటికి పోయి వంట చేసుకుంది. ఆమెకు జాలి కలగలేదు. సంతోషం కూడా కలగలేదు.

ములకలపల్లి నుంచి అడవిలోకి తొమ్మిది కిలోమీటర్లు పోతే వాళ్ల పల్లె వస్తుంది, గుంపు అంటారు దాన్ని. అరవై ఇళ్లు, అన్నీ కోయలవే. పగిడయ్య ఆ ఊరి పూజారి. వానలకు ముందు విత్తనాల పండుగనాడు ఇంటింటి విత్తనాన్ని ఒక్కచోట కలిపి, వేల్పులకు చూపించి, మోదుగాకు దొప్పల్లో మళ్లీ అందరికీ పంచేది ఆయనే. ఆయన చెయ్యి పడని విత్తనాన్ని ఎవరూ భూమిలో వేయరు. ప్రార్థన మందిరానికి పోయే ఇళ్లవాళ్లు మాత్రం ఆ పండుగకు పోరు.

ఆ మందిరం ఊరి చివర ఉన్న రేకుల షెడ్డు. ఇప్పుడు పదకొండు కుటుంబాలు వస్తున్నాయి కానీ, ఆరేళ్ల కింద నాలుగే ఉండేవి, నాగక్కది అందులో ఒకటి. అప్పుడు నాగక్క భర్త కామెర్లతో చనిపోయాడు. ఊరి శ్మశానంలో చోటు లేదన్నది పగిడయ్యే. "మన వేల్పులను ఇడిసిపెట్టినోడు మన మట్టిల ఎట్ల పండుకుంటడు?" అన్నాడు. డోలు కొట్టేవాళ్లు రాలేదు. మోయడానికి ఇద్దరే మగవాళ్లు ఉంటే, వెనక వైపు ఆడవాళ్లు భుజం పెట్టారు. చేను గట్టున పూడ్చిపెట్టి వచ్చారు. ఆ తర్వాత నాగక్క, పగిడయ్య ఒకే వీధిలో ఉంటూ ఆరేళ్లపాటు ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. ఆయన భార్య పోయినప్పుడు కూడా ఆమె వెళ్లలేదు.

దవాఖానా నుంచి పగిడయ్యను ఇంటికి తెచ్చేటప్పటికి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయి ఉన్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. పవన్ వైరాలో రైసు మిల్లులో పనిచేస్తాడు. నెల రోజులు ఉన్నాడు. తనతో రమ్మని బతిమాలాడు. "నేను పోతే వేల్పులకు దీపం ఎవరు పెడతరు?" అని తండ్రి కదలలేదు. చివరికి అన్నదమ్ముల పిల్లలకు అప్పజెప్పి పవన్ వెళ్లిపోయాడు. వాళ్లు పది రోజులు చూశారు. ఆ తర్వాత మిరపకాయ ఏరే రోజులు వచ్చాయి. ఊరిలో కాలుచెయ్యి ఆడేవాళ్లంతా మూటలు కట్టుకుని ఖమ్మం వైపు చేలకు పోయారు. ఉన్న ఒక్క ముసలి చెల్లెలు రోజుకు ఒకసారి వచ్చి ఇంత కూడు పెట్టి పోయేది.

బుధవారం ఉపవాస ప్రార్థనలో పుష్పలత ఈ విషయం ఎత్తింది. ఆమె ఆ ఊరి ఆశా వర్కర్.

"పగిడయ్య మామకు నడుము కింద పుండు పడ్డది. పొద్దుగాల నేను పోయేసరికి చీమలు పట్టి ఉన్నయి. ఆయన కోసం ప్రార్థన పెట్టుకుందాం" అన్నది.

సంఘ పెద్ద హాతీరాం పక్క తండా నుంచి వస్తాడు. మంచి గొంతు ఆయనది. కన్నీళ్లతో చాలాసేపు ప్రార్థన చేశాడు. ఆ రోగిని ముట్టి లేపమని, ఆ ఇంటిలో నీ మహిమ చూపించమని అడిగాడు. అందరూ ఆమెన్ అన్నారు. నాగక్క కూడా అన్నది.

బయటికి వచ్చి చెప్పులు వేసుకుంటూ పుష్పలతను అడిగింది. "ఆ పుండు మానాల్నంటే ఏం చేయాలె?"

"రెండు గంటలకొకపారి పక్క మార్చాలె అక్కా. ఉప్పు నీళ్లతోని కడిగి కట్టు కట్టాలె. తడి బట్ట మీద పండనీయొద్దు. ఒక్కలతోని అయ్యే పని కాదు."

నాగక్క మూడు రోజులు ఇంట్లో మోకరించి ఒక్కటే అడిగింది, తన కోపం తీసెయ్యమని. అది పోలేదు. పైగా ఆ చీమల సంగతి తలుచుకున్నప్పుడల్లా, తగిన శాస్తి అని లోపల ఎవరో అన్నట్టు వినిపించేది. ఆ మాట విని ఆమెకే భయం వేసింది. శనివారం పొద్దున, కోపం పోయేదాకా ఆగితే ఆయన బతకడని అర్థమై, వేడినీళ్లు కాచి పాత చీర ఒకటి చింపి తీసుకుని బయల్దేరింది. పుష్పలత తోడు వచ్చింది.

పగిడయ్య ఆమెను చూసి ఎడమ చెయ్యి అడ్డం పెట్టాడు. గ్లాసు అందిస్తే తోసేశాడు.

"మీ దేవుని నీళ్లు నాకొద్దు."

"గివి బోరింగు నీళ్లే మామా" అన్నది నాగక్క.

ఆయన దాహం మీద ఉన్నాడు. తాగాడు. తాగాక, ఒక్కో మాట కూడదీసుకుని చెప్పాడు. "నా ఇంట్ల... ప్రార్థన... చేయొద్దు. చేస్తే... రావొద్దు."

"చేయం" అన్నది నాగక్క.

మిర్చికి పోలేక ఊళ్లో మిగిలిన సంఘం ఆడవాళ్లు నాగక్క, పుష్పలతతో కలిపి ఏడుగురు. ఇద్దరు చంటిపిల్లల తల్లులు, ఒకామె నిండు గర్భిణి, మిగతావాళ్లు నాగక్క ఈడువాళ్లు. పొద్దును బట్టి వంతులు వేసుకున్నారు. ఆ ఇంట్లో ప్రార్థన చేయకూడదన్న ఒప్పందం హాతీరాంకు నచ్చలేదు.

"ప్రార్థన లేని సేవ ఏంది అక్కా? గట్లయితే దవాఖానా నర్సుకు మనకు ఫరక్ ఏంది?"

"మనింట్ల చేసుకొని పోదాం అన్నా. ఆయన ఇల్లు ఆయనది" అన్నది నాగక్క. అట్లాగే చేశారు. వంతుకు పోయే మనిషి మందిరంలో కాసేపు మోకాళ్లూని, అక్కడి నుంచి పోయేది. ఆయన గడప లోపల వాళ్లు పాట కూడా తీయలేదు.

పని అందరికీ ఒకేలా సాగలేదు. చంటిపిల్లల తల్లి ఒకామె పుండు చూడగానే వాంతి చేసుకుంది. మరుసటి రోజు నుంచి కడిగే పని వదిలి బట్టలు ఉతికే పని తీసుకుంది. ఒకరోజు ఇద్దరు ఒకరి మీద ఒకరు వదిలేసుకుంటే, మధ్యాహ్నం దాకా ఆయన తడిలోనే ఉన్నాడు. ఆ రోజు పగిడయ్య నోటికి వచ్చినట్టు తిట్టాడు. మాట సరిగ్గా రాకపోయినా తిట్లు మాత్రం అందరికీ అర్థమయ్యాయి. పుష్పలత నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

వేపాకు నీళ్లు, ఉప్పు నీళ్లు, పుష్పలత తెచ్చిన మందు పట్టీలు. ఉగాది నాటికి పుండు అంచులు దగ్గరపడ్డాయి. ఎండలు ముదిరేసరికి మూసుకుంది. ఆయన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఎడమ చేత్తో జావ తాగసాగాడు. మాట కూడా కొంత తేటపడింది.

పుండు పూర్తిగా మూసుకోకముందే ఒక సాయంత్రం నాగక్క కట్టు విప్పుతుంటే ఆయన నోరు విప్పాడు. "నాగీ... నీ మొగన్ని... నేను ఆనాడు..."

"పక్కకు తిరుగు మామా" అన్నది నాగక్క. ఆమె చేతులు ఆగలేదు. ఆ మాట వినడానికి ఆమె సిద్ధంగా లేదు. చెప్పనిచ్చి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకుంది కానీ, ఆయన మళ్లీ ఎత్తలేదు.

వైశాఖం చివర మిర్చికి పోయినవాళ్లు తిరిగి వచ్చారు. విత్తనాల పండుగ ఏర్పాట్లకు ఊరిని నడిపే పటేల్, మిగతా పెద్దలు కూర్చున్నారు. వారం తర్వాత సెలవు పెట్టి వచ్చిన పవన్ తండ్రిని చూసి నాగక్క ఇంటికి వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"వదినా, ఈ యేడు పండుగకు నాయినను రానీయరట. చర్చోళ్లు ఆయన మీద చేతులు పెట్టి ప్రార్థన చేసిండ్రట, ఆయన మీతోని కలిసిపోయిండట. ఇంకోనితోని చేయిస్తమంటుండు పటేల్."

నాగక్క గడప దాటి వాకిట్లోకి వచ్చింది.

"మిమ్ముల నేనేం అనలేను. నేను చేయాల్సింది మీరు చేసిండ్రు. కానీ నాయిన నిన్నటిసంది కూడు ముడతలేడు" అని పవన్ వెళ్లిపోయాడు.

ఆమె వెళ్లేసరికి పగిడయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. జావ చల్లారిపోయి ఉంది. మూడోసారి పిలిచినప్పుడు, తిరగకుండానే అన్నాడు.

"మీరు రాకపోతే పుండుతోని సచ్చేటోన్ని. పూజారిగనే సచ్చేటోన్ని."

నాగక్క కాసేపు మంచం పక్కన కూర్చుంది. గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసింది.

ఆ ఆదివారం మందిరంలో ఈ సంగతి చెప్పింది. హాతీరాం ముఖం వెలిగింది. ఆయన కపటి కాదు. నిజంగానే సంతోషపడ్డాడు.

"గిదే సమయం అక్కా. ఊరు ఇడిసిపెట్టింది. ఇప్పుడు ఆయనకు ప్రభువు తప్ప దిక్కెవరు? పోయి చెప్దాం."

"ఊరు ఆయన పూజారితనం గుంజుకున్నదని అదను చూసుకొని మనం పోవుడు ఏంది అన్నా? ఆయన అడిగితే చెప్త. అడగలే" అన్నది నాగక్క. "నేను పటేల్ కాడికి పోత. మేం ప్రార్థన చేయలేదని చెప్త."

హాతీరాం చేతిలోని బైబిలు మూశాడు.

"విగ్రహాల పండుగకు నువ్వు సాక్ష్యం చెప్తవా?"

"పండుగకు కాదు. జరిగిన దానికి."

"దీంతోని ఆయన పోయి ఆ పూజే చేస్తడు కదా."

"చేస్తడు" అన్నది నాగక్క. ఆ మాట తేలిగ్గా అనలేదు. ఆ రాత్రి ఆమెకు సరిగ్గా నిద్ర పట్టలేదు. హాతీరాం అన్నదానిలో న్యాయం ఉందేమోనని అనుమానం. తాను చేసేది తప్పయితే అడ్డం పడమని ప్రార్థించింది. ఏ అడ్డమూ రాలేదు, ఏ జవాబూ రాలేదు.

పటేల్ ఇంటి ముందు పందిరి కింద ఐదుగురు పెద్దలు కూర్చుని ఉన్నారు. ఆరేళ్లలో ఆమె ఆ వాకిట్లోకి రావడం అదే మొదటిసారి. పవన్ ఒక పక్కన నిలబడ్డాడు.

"పగిడయ్య మామ ఇంట్ల మేం ప్రార్థన చేయలే పటేలా. ఆయన మొదటి దినమే వద్దన్నడు. మేం సరే అన్నం. ఒక్కనాడు చేయలే. ఆయన మీద చేతులు పెట్టినం, పుండు కడగడానికి పెట్టినం."

"ఒట్టు పెట్టు" అన్నాడు ఒక పెద్దాయన.

"మేం ఒట్టు పెట్టం. అవ్ అంటే అవ్, కాదంటే కాదు. గంతే."

పటేల్ నెమ్మదిగా అడిగాడు. "ఆయన పేరు మీద అసలు ప్రార్థననే చేయలేదా?"

చేయలేదంటే పని అయిపోయేది. పవన్ ఆమె వైపే చూస్తున్నాడు.

"చేసిన. నా ఇంట్ల, మా షెడ్డుల. రోజూ చేసిన. ఆయన ఇంట్ల చేయలే."

"ఏమని చేసినవ్?" అన్నాడు పటేల్.

"మొదలు నా కోపం పోవాల్నని. ఎనక ఆయన పుండు మానాల్నని."

"కోపం పోయిందా?"

"పుండు మానింది" అన్నది.

చివర కూర్చున్న ముసలాయన చిన్నగా నవ్వాడు. పటేల్ నవ్వలేదు. తల వంచుకుని నేల మీద పుల్లతో గీస్తూ ఉండిపోయాడు. ఆమె భర్త పాడె ఊరు దాటుతున్నప్పుడు తలుపు వేసుకున్నవాళ్లలో ఆయనా ఉన్నాడు. "సరే, పో" అన్నాడు చివరికి.

పెద్దలు ఆ సాయంత్రమే పగిడయ్య దగ్గరికి వెళ్లారు. ఆయన వేల్పుల మీద ఒట్టు పెట్టి అదే మాట చెప్పాడు. పండుగ రోజు నలుగురు మగవాళ్లు ఆయనను మంచంతో సహా మోసుకుపోయారు. కోడిని ఇంకొకరు కోశారు. విత్తనం మాత్రం ఆయనే ఎడమ చేత్తో పంచాడట. చాలాసేపు పట్టిందట. అయినా ఎవరూ తొందర పెట్టలేదట. ఇదంతా నాగక్క విన్నదే. డోళ్లు మోగుతున్నప్పుడు ఆమె తన చేనులో మొక్కజొన్న మోళ్లు ఏరుతోంది.

హాతీరాం ఇంటివాళ్లు, తండా నుంచి వచ్చే మరో కుటుంబం ఆ తర్వాత ఈ మందిరానికి రావడం మానేశారు. ములకలపల్లిలో వేరే సంఘానికి పోతున్నారు. దారిలో కనిపిస్తే హాతీరాం "వందనాలు అక్కా" అంటాడు కానీ, ఆగి మాట్లాడడు. పదకొండు కుటుంబాలు తొమ్మిదయ్యాయి. పగిడయ్య వల్ల కొత్తగా వచ్చిన మనిషి ఒక్కరూ లేరు. పాట ఎత్తుకునే గొంతు లేక, ఆడవాళ్లు తలా ఒక రాగంలో పాడుకుంటున్నారు.

పగిడయ్య శ్రావణంలో పోయాడు. రెండోసారి వచ్చిన పక్షవాతం ఒక్క పూట కూడా ఆగనివ్వలేదు. వర్షంలోనే డోళ్లు కొట్టారు, ఊరంతా కదిలింది. ఏడుగురు ఆడవాళ్లూ వెళ్లి గొడుగుల కింద ఒక పక్కన నిలబడ్డారు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. నాగక్కకు ఏడుపు వచ్చింది. ఎందుకో ఆమెకే తెలియలేదు. కోపం కోసం లోపల వెతుక్కుంటే అది కనిపించలేదు. ఎప్పుడు పోయిందో చెప్పలేకపోయింది. పుష్పలత చెయ్యి పట్టుకుని, బురదలో ఇంటికి నడిచి వచ్చింది.

వరి పొట్టకు వచ్చిన రోజుల్లో ఒక పొద్దున పటేల్ ఆమె వాకిట్లోకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా అమ్మ జారి పడ్డది. తుంటి ఇరిగింది. ఈ వయసుల ఆపరేషన్ వద్దన్నరు, ఇంటికి పంపిండ్రు."

"ఎన్ని దినాలాయె?"

"నాలుగు దినాలు."

"పక్క మారుస్తుండ్రా?"

పటేల్‌కు అది తెలియదు. నాగక్క పొయ్యి మీది గిన్నె దించి, మంట ఆర్పి, పుష్పలతను పిలవడానికి వీధిలోకి వచ్చింది.